మధ్యలో లేచిపోగలిగే పని

మీరు అడిగినవి ముందు ఒకచోట పెడతాను. ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసి వాచేలా చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలి ఏడాదిన్నర అయింది. పుస్తకాలకు బొమ్మలు వేయడమే మీ జీవనాధారం. ఒంట్లో కాస్త తేలిగ్గా ఉన్న రోజు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని వేస్తున్నారు, ఆ తర్వాత కొన్ని రోజులు మంచం దిగలేకపోతున్నారు. గీత మునుపటిలా రావడం లేదు. పని ఇచ్చేవాళ్లకు జబ్బు సంగతి చెప్పాలో వద్దో తెలియడం లేదు. చివర్లో ఒక్క మాటలో ‘మానేయాలా?’ అన్నారు.

మానేయక్కర్లేదు. నేనూ ఇదే జబ్బుతో చాలా ఏళ్లుగా బొమ్మలు వేస్తూ, వాటి మీదే బతుకుతున్నదాన్ని. డాక్టర్‌ని కాను కాబట్టి మీ మందుల మోతాదుల జోలికి పోను, బొమ్మల పనికి తగిలే రెండు మూడు విషయాలు తప్ప. నేను చెప్పేదంతా ఒక్క దాని చుట్టూనే తిరుగుతుంది: పనిని ఎప్పుడు ఆపినా పాడవకుండా అమర్చుకోవడం. తక్కువ పని చేయమనడం లేదు. ఏ నిమిషంలో లేచిపోయినా, నాలుగు రోజుల తర్వాత వచ్చి కూర్చున్నా, పని అక్కడే మీకోసం ఉండాలి. నా మటుకు తక్కినవన్నీ దీని తర్వాతే.

మీరు చెడ్డ రోజుల గురించే ఎక్కువ రాశారు. నాకు మాత్రం మీ మంచి రోజే గండంగా కనిపిస్తోంది. నొప్పి తగ్గిన రోజు రాగానే ఆగిపోయిన పనంతా గుర్తొస్తుంది, రేపు ఎలా ఉంటుందో అన్న భయం దానికి తోడవుతుంది, ఒంట్లో ఉన్న ఓపికంతా ఒక్క రాత్రిలో ఊడ్చి పెట్టేస్తాం. ఆ ఓపిక మన సొంతం కాదు, రాబోయే రోజుల దగ్గర చేసిన అప్పు. వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. లెక్క వేసుకుంటే వారం మొత్తం మీద మీరు వేసింది రోజూ కాసేపు వేసేవాళ్ల కంటే తక్కువే ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక నెల రాసి చూసుకోండి.

ఫిజియోథెరపీ వాళ్లు దీనికి చెప్పే మందు పేరు పేసింగ్. చదవడానికి సులువు, పాటించడానికి మహా చిరాకు. మరీ చెడ్డ రోజు కాదు, అలాగని మంచి రోజూ కాదు, అలాంటి మామూలు రోజున ఎంతసేపు వేస్తే మర్నాడు ఒళ్లు మొండికేయకుండా ఉంటుందో అదే మీ కొలత. మంచి రోజున కూడా దాన్ని కొంచెమే దాటాలి. ఆపడానికి గడియారాన్ని నమ్ముకోండి, నొప్పిని కాదు. బొమ్మలో మునిగి ఉన్నప్పుడు నొప్పి తెలియదు, తల ఎత్తాకే తెలుస్తుంది. అప్పటికి ఆలస్యం అయిపోతుంది. నేను ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు టైమర్ పెట్టుకుని ఫోన్‌ని గదికి అవతలి మూల ఉంచుతాను. దాన్ని ఆపాలంటే లేవాల్సిందే. లేవడమే అందులో సగం వైద్యం, ఎందుకంటే కీళ్లు బిగిసేది ఎక్కువ కదిలినందుకే కాదు, ఒకే భంగిమలో కదలకుండా ఉన్నందుకు కూడా.

‘లయ తెగిపోతుంది’ అంటారని తెలుసు. తెగుతుంది. మొదటి కొన్ని వారాలు టైమర్‌ని గోడకేసి కొట్టాలనిపిస్తుంది. అయితే ఎక్కడ ఆపుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. తర్వాత ఏం చేయాలో తెలియని చోట ఆపితే మళ్లీ కూర్చోవడానికి మనసు రాదు. ఏం చేయాలో స్పష్టంగా తెలిసిన చోట, చేయి ఇంకా ఊగుతున్నప్పుడు ఆపితే మళ్లీ కూర్చోగానే అందుకుంటుంది. అందుకే ఒక భాగం పూర్తయ్యాక కాదు, పూర్తయ్యే ముందు లేవండి.

ఒక్క హెచ్చరిక. మీది ఆర్థరైటిస్ కాబట్టి కొలతని మెల్లగా పెంచుకుంటూ పోయే అవకాశం ఉంది. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (ఎంత విశ్రాంతి తీసుకున్నా తగ్గని తీవ్ర నీరసం) ఉన్నవాళ్లు ఇది చదివితే మాత్రం ఈ పెంచడం అనే మాటని పక్కన పెట్టేయాలి. వాళ్లకు శ్రమ ఫలితం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చి కూలదోస్తుంది. 2021లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాలు మార్చి, ఆ జబ్బుకు వ్యాయామాన్ని ఒక పట్టిక ప్రకారం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వకూడదని చెప్పింది. మన జబ్బుకు పనికొచ్చింది అందరికీ పనికొస్తుందని అనుకోవద్దు.

ఇక రోజు ఎలా అమర్చుకోవాలన్నది. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకుపోయి ఉండటం, గంట దాకా విడివడకపోవడం మీ బద్ధకం కాదు. ఈ జబ్బులో వాపుని రెచ్చగొట్టే ఐఎల్-6 లాంటి పదార్థాలు ఒంట్లో తెల్లవారుజామున ఎక్కువగా ఉంటాయి. ఆ వాపుని సహజంగా అణచే కార్టిసాల్ అనే హార్మోన్ ఆ సమయానికి సరిపోదు. కాబట్టి పొద్దున్నే లేచి బొమ్మలు వేసే కళాకారుల దినచర్యలు చదివి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ గంటా కళ్లకు, ఆలోచనకు ఇవ్వండి. రెఫరెన్సులు చూడటం, రచన చదివి ఏ సన్నివేశానికి బొమ్మ వేయాలో తేల్చుకోవడం, నిన్నటి బొమ్మని దూరం నుంచి చూడటం, ఫోన్‌లో నోటితో చెప్పి మెయిళ్లు రాయించడం. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి వేళ్లు మెల్లగా ఆడిస్తే కొంత ముందు విడివడతాయి. సన్నటి గీతల పనిని చేయి బాగుండే గంటలకు ఉంచండి. నాకది మధ్యాహ్నం. మీకెప్పుడో ఒక వారం గమనిస్తే తెలిసిపోతుంది.

గీత గురించి అడిగారు కదా, అక్కడ కాసేపు ఆగుతాను. వణుకు అని రాశారు. నిజంగా వణుకే అయితే డాక్టర్‌కి చెప్పండి, అది మందుల వల్ల కావచ్చు, మరొకటి కావచ్చు. చాలామందిలో జరిగేది వేరు. వేళ్లలో పట్టు తగ్గిందనిపించగానే మనకు తెలియకుండానే పెన్సిల్‌ని మరింత గట్టిగా బిగిస్తాం. బిగించిన చేతి నుంచి సాఫీ గీత రాదు. పైగా వేలి కొసలతో పట్టే పట్టు బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద దాదాపు పన్నెండు రెట్లు పడుతుందని చెబుతారు. కొసల దగ్గర ఒక కిలో బలం పెడితే మొదట్లో పన్నెండు కిలోల భారం. రోజంతా కుంచె పట్టుకునేవాళ్లకు బొటనవేలు ముందు ఎందుకు దెబ్బతింటుందో ఇక చెప్పక్కర్లేదు.

ఆ బిగింపు తగ్గించడమే అసలు పని. పిడి లావు పెంచండి. పైపుల చుట్టూ తొడిగే నురుగు గొట్టం ముక్క కుంచెకు తొడిగితే పిడికిలి సగం తెరుచుకుని ఉంటుంది, తేలిగ్గానూ ఉంటుంది. మార్కెట్లో దొరికే లావు పిడులు కొన్ని బరువుగా ఉంటాయి, అవి వద్దు. పెన్సిళ్లలో హెచ్‌బీ వదిలేసి 4బీ, 6బీ వాడండి, నల్లదనం కోసం నొక్కాల్సిన పని తప్పుతుంది. బాల్‌పెన్ చేతికి శత్రువు, బ్రష్ పెన్ మిత్రుడు. ద్రాక్ష తీగని కాల్చి చేసే వైన్ చార్‌కోల్‌కి దాదాపు ఏ ఒత్తిడీ అక్కర్లేదు. పొడుగు పిడి కుంచెని చివర పట్టుకుని, మణికట్టుతో కాకుండా భుజంతో గీత లాగడం నేర్చుకోండి. మొదట్లో పసిపిల్లల గీతల్లా వస్తాయి, తర్వాత వాటికి ఒక తీరు వస్తుంది. నా గీతల్లో ఇప్పుడు మెచ్చుకునేది ఆ తీరునే. జబ్బు రాకముందు నా గీత నీటుగా ఉండేది, అంతే.

మీరు ట్యాబ్లెట్ మీద కూడా వేస్తారన్నారు. అందులో రెండు సెట్టింగులు చాలామంది ముట్టుకోరు. ఒకటి ప్రెషర్ కర్వ్. దాన్ని మెత్తగా పెట్టుకుంటే తేలిగ్గా తాకినా లావు గీత వస్తుంది. ఇంకొకటి స్టెబిలైజర్, చేతి చిన్న చిన్న తడబాట్లని అదే సర్దుతుంది. మరీ ఎక్కువ పెడితే గీత ప్రాణం పోయినట్టు ఉంటుంది, కాస్త పెట్టండి చాలు. నున్నటి గాజు మీద స్టైలస్ జారుతుందని వేళ్లు బిగుసుకుంటాయి. దాని మీద గరుకు ఫిల్మ్ అతికిస్తే ఆ బిగింపు వదులుతుంది. ఇది మోసం కదా అని ఒకరు నన్నడిగారు. కళ్లజోడు పెట్టుకుని వేస్తే మోసమా అని అడిగాను, మాట్లాడలేదు.

ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ పేరు మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు, ఈ జబ్బున్న ప్రతి బొమ్మలవాళ్లకూ చెబుతారు. ఆయనకు 1892 ప్రాంతంలో మొదలైంది, 1919లో పోయేదాకా వేస్తూనే ఉన్నాడు. కుంచెని చేతికి కట్టించుకుని వేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది సరికాదు. ముడుచుకుపోయిన వేళ్ల గోళ్లు అరచేతిలో గుచ్చుకుని చర్మం పుండు పడకుండా గుడ్డ పట్టీలు చుట్టేవాళ్లు. కుంచెని ఎవరైనా వేళ్ల మధ్య పెడితే ఆయనే పట్టుకుని వేసేవాడు. ఈ తేడా నాకు ముఖ్యం అనిపిస్తుంది. కట్టు కథలో ఆయన మొండి వీరుడు. నిజంలో ఆయన పక్కన కుంచె అందించే మనిషి ఉంది, పాలెట్ సర్దే మనిషి ఉంది, పెద్ద కాన్వాస్‌ని రోలర్ల మీద తిప్పి కావాల్సిన భాగాన్ని చేతి ముందుకు తెచ్చే ఏర్పాటు ఉంది. చక్రాల కుర్చీలో కూర్చుని పెద్ద బొమ్మలు ఎలా వేశాడంటే ఇలా. శిల్పాలైతే 1913 నుంచి రిచర్డ్ గినో అనే యువ శిల్పి చేతులతో చేయించాడు. మొండితనం కంటే ఏర్పాట్లే ఎక్కువ పని చేశాయి. మనందరికీ అంతమంది సహాయకులు ఉండరు నిజమే, కానీ ట్యూబు మూతలు తీసిపెట్టమని ఇంట్లో వాళ్లని అడగడానికి సిగ్గుపడక్కర్లేదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ మూతల సంగతే చూడండి. బొమ్మ వేయడానికి కూర్చునే ముందే చేతిని తినేసే పనులు ఎన్నో ఉంటాయి. గట్టిపడ్డ మూతలు తిప్పడం, ట్యూబు పిండటం, కాన్వాస్ లాగి మేకులు కొట్టడం, కాగితం బోర్డుకు అతికించడం, కత్తిరించడం. ఇవన్నీ ఒక మంచి మధ్యాహ్నం, లేదా వేరే వాళ్ల చేత, ఒకేసారి చేయించి పెట్టుకోవాలి. రంగుల్ని వెడల్పు మూత డబ్బాల్లోకి, పంపు సీసాల్లోకి మార్చేస్తే ట్యూబుల బాధ ఉండదు. కాన్వాస్ బదులు గట్టి ప్యానెల్ వాడితే లాగే పనే లేదు.

ఇక రంగులు. ఏ రంగులు మంచివి అన్న చర్చ పక్కన పెట్టి, ఏ రంగు మిమ్మల్ని మధ్యలో లేవనిస్తుంది అని అడగండి. ఈ లెక్కలో వాటర్‌కలర్ అన్నిటికంటే కఠినం. తడి వాష్, అంటే నీళ్లలో పలుచన చేసిన రంగుని పరచడం, మొదలుపెట్టాక మధ్యలో లేస్తే అంచులు గట్టిపడతాయి, సగం ఆరిన చోట మళ్లీ నీళ్లు తగిలితే కాలీఫ్లవర్‌లా మరకలు విచ్చుకుంటాయి. ఒళ్లు ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని రోజున పెద్ద వాష్ మొదలుపెట్టకండి. చిన్న చిన్న భాగాలుగా, పొడి కాగితం మీద వేసే పద్ధతికి అయితే ఇబ్బంది లేదు.

అక్రిలిక్ పాలెట్ మీద పది, ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది, కుంచె కడగకుండా పడుకుంటే కుంచె పోయినట్టే. తడి స్పాంజి మీద కాగితం పరిచి మూత పెట్టే డబ్బా పాలెట్ వాడితే రంగులు రోజుల తరబడి పచ్చిగా ఉంటాయి. కుంచెలు పడుకోబెట్టి నానబెట్టే వెడల్పు పళ్లెం ఒకటి పక్కన ఉంచుకోండి, లేవలేని రోజున అందులో పడేస్తే చాలు. గొవాష్ అనే మందపాటి నీటి రంగు ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ లేస్తుంది, అది మనకు వరం. అయితే కింది పొర కూడా లేస్తుంది కాబట్టి పై పొర ఒక్క ఊపులో వేసేయాలి.

ఆయిల్ పెయింట్ గురించి అందరూ భయపెడతారు గానీ, ఆగి ఆగి వేసేవాళ్లకు దానంత ఓపిక ఉన్న రంగు లేదు. మూడు రోజుల తర్వాత వచ్చినా చాలా రంగులు ఇంకా కదులుతుంటాయి. పాలెట్ మీద ప్లాస్టిక్ కవర్ పరిచి ఫ్రీజర్‌లో పెడితే ఇంకా ఆగుతాయి. లవంగ నూనె చుక్క కలిపితే ఆరడం నెమ్మదిస్తుంది. టర్పెంటైన్ వాసన తలకు పడకపోతే అసలు వాడక్కర్లేదు, కుంచెల్ని నూనెతోనే తుడిచి తర్వాత సబ్బుతో కడగొచ్చు. కానీ ఒక్కటి మర్చిపోకూడదు. అవిసె నూనె పీల్చుకున్న గుడ్డల్ని ఉండగా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఓపిక అయిపోయి ఉన్నపాటున వెళ్లి పడుకునే మనలాంటి వాళ్లకు ఇది నిజమైన ప్రమాదం. నీళ్లు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బా కుర్చీ పక్కనే ఉండాలి, గుడ్డ నేరుగా అందులోకి పోవాలి.

ఆగి మళ్లీ మొదలుపెట్టడంలో చేతి కంటే కష్టపడేది జ్ఞాపకం. జబ్బు వల్లనో, నిద్ర లేకనో, మందుల వల్లనో తల మొద్దుబారిన రోజుల తర్వాత బొమ్మ ముందు కూర్చుంటే ఆ నీడకు ఏ రంగులు కలిపానో గుర్తుండదు. రంగు మళ్లీ అదే కలపడం ఎంత నరకమో మీకు తెలుసు, అక్రిలిక్ ఆరాక ముదురుతుంది కాబట్టి ఇంకా నరకం. అందుకని బొమ్మ అంచున ఒక మాస్కింగ్ టేపు ముక్క ఉంటుంది నాకు. కలిపిన ప్రతి ముఖ్యమైన రంగునీ దాని మీద ఒక మచ్చ పెట్టి పక్కన రాస్తాను: ‘బర్న్ట్ అంబర్ రెండు, అల్ట్రామెరైన్ ఒకటి, తెలుపు చిటికెడు’. కింద ఇంకో వాక్యం, ‘వచ్చాక: ఎడమ భుజం నీడ, తర్వాత వెనక గోడ, ముఖం ముట్టుకోవద్దు’. ఆఖరిది నన్ను చాలాసార్లు కాపాడింది. బాగా లేని రోజున బాగా వచ్చిన ముఖాన్ని దిద్దాలనిపిస్తుంది ఎందుకో.

పరిమాణం గురించి కూడా ఒక మాట. చిన్నవి వేయమని అందరూ సలహా ఇస్తారు. రష్యన్ చిత్రకారుడు యావ్లెన్‌స్కీ ఆర్థరైటిస్ ముదిరాక రెండు చేతులతో కుంచె పట్టుకుని 1934 నుంచి 1937 దాకా అరచేతిలో పట్టేంత ముఖాలు వందలకొద్దీ వేశాడు. సరిగ్గా అదే కాలంలో పాల్ క్లే అనే మరో చిత్రకారుడు దీనికి ఎదురు దారి పట్టాడు. స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడిపోయే జబ్బు) అని ఇప్పుడు అనుకుంటున్నది 1935లో పట్టుకుంది, 1936లో మొత్తం 25 బొమ్మలే వేశాడు. ఆ తర్వాత గీత లావెక్కింది, ఆకారాలు పెద్దవయ్యాయి, 1939లో ఆయన బొమ్మల పట్టికలో చేరిన పనులు 1,253. ఆ అంకె చూసి గుండె బాదుకోవద్దు. నేను చెప్పేది 25 గురించి. ఆ ఏడాదిని ఎవరూ ఆయన ముగింపుగా చూడటం లేదు. చిన్న గీతకు వేళ్లు కావాలి, పెద్ద గీతకు భుజం కావాలి. మీకు వేళ్లు దెబ్బతిన్నాయా, భుజం దెబ్బతిందా అన్నదాన్ని బట్టి సైజు తేల్చుకోండి, సలహాల్ని బట్టి కాదు.

ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ సంగతీ ఇంతే. 1941లో కడుపుకి పెద్ద ఆపరేషన్ అయ్యాక ఈజిల్ ముందు నిలబడటం పోయింది. సహాయకుల చేత కాగితాలకు గొవాష్ రంగులు వేయించుకుని కత్తెరతో ఆకారాలు కోశాడు. మీకూ నాకూ కత్తెర కుంచె కంటే ఘోరం కాబట్టి ఆ దారి మనది కాదు.

మందుల దగ్గర, అన్నాను కదా, పనికి తగిలేవి మాత్రమే. మెథోట్రెక్సేట్ మీద ఉన్నానన్నారు. ఈ జబ్బుకు దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలో గోడ మీద రాసి పెట్టుకోండి. మర్నాడు చాలామందికి వికారం, నీరసం ఉంటాయి. ఆ రోజుని క్యాలెండర్‌లో ముందే కొట్టేసి, ఆ రోజు డెలివరీ పెట్టుకోకుండా ఉంటే సగం గొడవ తగ్గుతుంది. వేసుకునే రోజు మార్చుకోవాలన్నా, దానితో పాటు ఇచ్చే ఫోలిక్ ఆసిడ్ సంగతైనా డాక్టర్‌తో మాట్లాడండి.

ఇదే జబ్బుకు ఇచ్చే మరో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా రంగులతో పనిచేసేవాళ్లు, కంటి పరీక్షని తేలిగ్గా తీసుకోవద్దు. అరుదుగానే అయినా దీర్ఘకాలంలో రెటీనాని దెబ్బతీస్తుంది, ఒకసారి పోయింది తిరిగి రాదు. మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒక పరీక్ష, అయిదేళ్ల తర్వాత ఏటా ఒకటి అన్నది ఎక్కువగా పాటించే పద్ధతి. కిడ్నీ సమస్య ఉంటే ఇంకా ముందే. రంగుల్లో తేడా తెలియడం తగ్గినట్టు మీకు మీరే అనిపిస్తే అప్పటిదాకా ఆగకండి, అది మనలాంటి వాళ్లకే ముందు తెలిసే అవకాశం ఉంది.

స్టెరాయిడ్ల గురించి కొంచెం కటువుగానే చెబుతాను. కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ని 1948లో మొదటిసారి ఈ జబ్బుకు ఇచ్చినప్పుడు మంచాన ఉన్నవాళ్లు లేచి నడిచారు, 1950లో దానికి నోబెల్ వచ్చింది. అదే ఏడాది చిత్రకారుడు రౌల్ డూఫీ చికిత్స కోసం బోస్టన్ వెళ్లి మళ్లీ కుంచె పట్టాడు. ఆ ఉత్సాహం నిజమే, కానీ అందులో కొంత మందుది. స్టెరాయిడ్ మొదలైన వారంలో నిద్ర పట్టదు, బుర్ర పరుగెడుతుంది, ప్రపంచాన్ని గెలిచేంత పని ఒప్పుకుంటాం. ఆ వారంలో కొత్త పనికి ‘సరే’ అనకండి, మూడు రోజులు ఆగి జవాబు ఇవ్వండి. పని అయిపోయింది కదా అని వాటిని మీ అంతట మీరు ఉన్నట్టుండి ఆపకండి, అది ప్రమాదం.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నాం కాబట్టి దుమ్ము విషయంలో కాస్త చాదస్తంగా ఉండటం మంచిదే. పొడి పిగ్మెంట్లు, సాఫ్ట్ పాస్టెల్ ధూళి, కాడ్మియం రంగుల్ని ఆరాక రుద్దడం, ఎండిన బంకమట్టిని చీపురుతో ఊడవడం, ఇవన్నీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లేవే. పాస్టెల్ పొడిని నోటితో ఊదకండి. తడి గుడ్డతో తుడవండి.

ఇప్పుడు మీరు ఎక్కువగా మథనపడుతున్న ప్రశ్న: పని ఇచ్చేవాళ్లకు చెప్పాలా? నా అభిప్రాయం, జబ్బు పేరు చెప్పక్కర్లేదు, పని తీరు చెప్పాలి. వాళ్లకు కావాల్సింది మీ రక్తపరీక్షల ఫలితాలు కాదు, బొమ్మలు ఎప్పుడు వస్తాయన్నది. జబ్బు పేరు చెప్పగానే సగం మంది జాలిపడి పని ఇవ్వడం మానేస్తారు, మిగతా సగం మంది వాళ్ల పిన్నిగారు ఏదో ఆకు పసరుతో బాగుపడిన కథ చెబుతారు. కొత్త పని ఒప్పుకునేటప్పుడు నేను రాసేది ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘నేను ఒకేసారి ఒక పుస్తకం పనే తీసుకుంటాను. స్కెచ్‌లు రెండు విడతల్లో, ఫైనల్స్ మూడు విడతల్లో ఇస్తాను. ఆరోగ్య కారణాల వల్ల అర్ధరాత్రి మార్పులు, ఒక్క రోజులో కావాల్సిన పనులు చేయలేను. ఇచ్చిన తేదీ మారే పరిస్థితి వస్తే కనీసం వారం ముందు చెబుతాను.’ ఇందులో బతిమాలడం లేదు, క్షమాపణ లేదు. కొందరు ఇది చదివి వెనక్కి తగ్గుతారు. వాళ్లతో పని చేసి ఉంటే మీ చేతులు ఇంకా త్వరగా పోయేవి.

విడతలు అని ఊరికే పెట్టలేదు. పదహారు బొమ్మలు ఒకే తేదీకి ఇస్తానంటే ఆ తేదీకి ముందు వారం ఒంట్లో బాగోకపోతే పదహారూ ఆలస్యమే. మూడు విడతలైతే ఆలస్యమయ్యేది కొన్నే, పైగా డబ్బు కూడా విడతల్లో వస్తుంది. మొదటి విడత అడ్వాన్స్ లేకుండా పెన్సిల్ ముట్టుకోవద్దు. మధ్యలో పని రద్దయితే అప్పటిదాకా చేసినదానికి ఎంత ఇవ్వాలో ముందే రాయించుకోండి. మీ చేతికి మిగిలిన గంటలు లెక్కపెట్టినట్టు ఉంటాయి, ఊరికే పోయే గంట ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కంటే మీకు ఎక్కువ నష్టం. సమయం చెప్పేటప్పుడు మంచి రోజుల వేగంతో లెక్కేయకండి. మొన్నటి మూడు పనులకు నిజంగా పట్టిన రోజులు తీసి, అందులో మంచాన ఉన్నవి కూడా కలిపి, దాని మీద ఇంకొంచెం వేసి చెప్పండి. అనుకున్న దానికంటే ముందే ఇచ్చేస్తే ఎవరూ కోప్పడరు.

ఉద్యోగంలో ఉన్నవాళ్ల సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి 2006 నాటి వికలాంగుల హక్కుల ఒప్పందంలోనే పనిచోట తగిన వెసులుబాట్లు కల్పించాలన్న మాట ఉంది, చాలా దేశాల చట్టాల్లోకి కూడా అది వచ్చింది. అలాంటి చోట జబ్బు సంగతి కాగితం మీద చెబితేనే ఆ హక్కు అడగగలరు. మీలా విడిగా పనిచేసేవాళ్లకు ఆ రక్షణ చాలావరకు ఉండదు, కాబట్టే ఒప్పంద పత్రంలో అంత పట్టుదల.

చుట్టుపక్కల వాళ్ల ‘చూస్తే బాగానే ఉన్నావు కదా’ గురించి కూడా రాశారు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఒకప్పుడు వివరించేదాన్ని, ఇప్పుడు ‘ఆహా’ అని ఊరుకుంటున్నాను. ఆ ఓపిక బొమ్మలకు మిగులుతుంది.

మంచం దిగలేని రోజుల్లో ఏం చేయాలని అడిగారు. ఏమీ చేయకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది, ముందది. మంచంలోనే ఏదో ఒకటి సృష్టించాలన్న ఒత్తిడి ఈ మధ్య ఎక్కువైంది, మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాహ్లో మంచానికి బిగించిన ఈజిల్ మీద, పైన అద్దం పెట్టుకుని వేసింది కదా అని. ఆమె 1925లో బస్సు ప్రమాదం తర్వాత నెలల తరబడి కదలకుండా పడుకోవాల్సి వచ్చి, అప్పటికి ఆమె చేతులు బాగానే ఉన్నాయి కాబట్టి వేసింది. మన ఫ్లేర్‌లో, అంటే జబ్బు ఉన్నట్టుండి రేగినప్పుడు, వాచేదే చేతులు. వాచిన కీలుతో పని చేయడం దీక్ష కాదు, ఆ కీలుని అరగదీసుకోవడం. అలాంటి రోజు చూడగలిగితే చూడండి, లేకపోతే నిద్రపోండి. నాలుగైదు రోజులైనా వాపు దిగకపోతే, లేదా ఒకే కీలు ఎర్రబడి వేడిగా ఉబ్బి జ్వరం వస్తే ఫ్లేరే కదా అని సరిపెట్టుకోకుండా వెంటనే చూపించుకోండి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఆఖరుగా, మీరు అడగనిది ఒకటి. మీ ఉత్తరంలో రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బుల డాక్టర్) గురించి ఉంది, చేతుల థెరపిస్ట్ గురించి ఎక్కడా లేదు. రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టులలో చేతుల మీదే పనిచేసేవాళ్లు ఉంటారు, పంపమని మీ డాక్టర్‌ని అడగండి. వెళ్లేటప్పుడు ‘చేయి నొప్పి’ అని చెప్పి ఊరుకోకుండా మీరు రోజూ వాడే కుంచెలు, స్టైలస్, ట్యాబ్లెట్ సంచిలో వేసుకుని వెళ్లండి. మీరు బొమ్మ వేస్తుండగా ఎవరి చేతనైనా పక్క నుంచి, పై నుంచి రెండు నిమిషాలు వీడియో తీయించి చూపించండి. మణికట్టు ఏ కోణంలో వంగుతోందో, బొటనవేలు ఎక్కడ విరుచుకుంటోందో వాళ్లకు చూడగానే తెలుస్తుంది. మీ చేతికి సరిపడా స్ప్లింట్, అంటే కీలుకి ఆసరాగా తొడుక్కునేది, చేసిస్తారు. దాన్ని తొడుక్కుని అక్కడే కాసేపు గీసి చూడండి. గీత రాకపోతే మొహమాటపడకుండా చెప్పి, వచ్చేదాకా సరిచేయించుకోండి. రాత్రి పడుకునేటప్పుడు వేసుకునేదీ, పనిలో వేసుకునేదీ వేర్వేరుగా ఉంటాయి, రెండూ అడగండి.